ఎర్ర గీత పైన ఖాళీ వరుస

1 ఫిబ్రవరి 2024, గురువారం

ఐదేళ్ల పదవీకాలం నేటితో పూర్తయింది. ఎన్నికలు జరగలేదు కనుక రేపటి నుండి గ్రామం ప్రత్యేకాధికారి పాలనలో ఉంటుంది. అప్పగించవలసిన రికార్డులన్నిటినీ నేనే స్వయంగా సరిచూశాను. పంచాయతీ కార్యదర్శి వెంకటేశ్ "రేపు పొద్దుగాల జేస్తం తీయండ్రి సార్" అన్నాడు. పదవి ఉన్న రోజున చేయవలసిన పనిని పదవి లేని రోజున చేయడం నాకు సమ్మతం కాదు.

చివరగా అవుట్‌వర్డ్ రిజిస్టరు ముగించాను. పంచాయతీ నుండి బయటకు వెళ్లిన ప్రతి కాగితానికీ అందులో ఒక నంబరు ఉంటుంది. ఈ ఏడాది చివరి నంబరు పదహారు. దాని కింద ఒక వరుస ఖాళీగా విడిచి, స్కేలు పెట్టి ఎర్ర గీత గీశాను. "ఈ రిజిస్టరు 16వ నంబరుతో ముగిసినది" అని రాసి, సంతకం చేసి, తేదీ వేశాను. గీతకూ అక్షరానికీ మధ్య ఒక వరుస విడవాలని సిరిసిల్లలో రాత్రి బడి సారు నేర్పించారు. పగలంతా సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపి, దుమ్ము కడుక్కుని వెళ్లి నేర్చుకున్న చదువు. పదో తరగతి పాసయ్యే నాటికి నాకు ఇరవై ఏడేళ్లు. డిగ్రీ ముప్పై నాలుగో ఏట. అది మరచిపోయే చదువు కాదు.

2 ఫిబ్రవరి, శుక్రవారం

ప్రత్యేకాధికారిణి స్పందన గారు వచ్చారు. మండల వ్యవసాయ శాఖలో ఉద్యోగం. ముప్పై ఏళ్లు ఉండవు. నన్ను "కైలాసం గారూ" అని పిలిచారు. అందులో తప్పేమీ లేదు.

ఇరవై మూడు వస్తువులు అప్పగించి రసీదు తీసుకున్నాను. గుండ్రటి ముద్ర ఒకటి మాత్రం జాబితాలో లేదు. "గౌరవ వన్యప్రాణి సంరక్షకుడు" అన్న అక్షరాలతో కరీంనగర్‌లో నా సొంత ఖర్చుతో చేయించుకున్నది. పంచాయతీ ఆస్తి కాదు.

ఇంటికి వచ్చాక ఉత్తర్వు ప్రతిని మళ్లీ చదివాను. అడవి పందిని చంపడం నేరం. అయితే అది పంటను పాడు చేస్తున్నప్పుడు, రైతు దరఖాస్తు మీద, ఆ పొలంలోనే, జాబితాలో ఉన్న షూటరు చేత చంపించేందుకు అనుమతినిచ్చే అధికారం సర్పంచులకు సంరక్షకుల, అంటే వార్డెన్ల, హోదాలో ఇచ్చారు. చంపిన పందిని సాక్షుల ఎదుట పూడ్చాలి. తినరాదు. ఈ అధికారాన్ని నేను పదకొండు సార్లు వాడాను. పదకొండు గుంతల దగ్గరా పూడ్చేవరకు నిలబడ్డాను.

సర్పంచు పదవి ముగిస్తే సంరక్షకుడి హోదా కూడా ముగుస్తుందని ఆ కాగితంలో ఎక్కడా నాకు కనిపించలేదు.

5 ఫిబ్రవరి, సోమవారం

పది గంటలకు పంచాయతీ ఆఫీసు వరకు నడిచి వెళ్లాను. పని ఏమీ లేదు.

9 ఫిబ్రవరి, శుక్రవారం

ఐలవ్వ వచ్చింది. వాగు పక్కన రెండెకరాలు కౌలుకు తీసుకుని మక్కజొన్న వేసింది. అరవై దాటిన మనిషి, భర్త లేడు. గడప దగ్గరే నిలబడి మాట్లాడింది.

"సర్పంచ్ సాబూ, పందులు మళ్ల వడ్డయి. అరెకరం పండవెట్టినయి. కంకిల పాలు వట్టుడు నాకన్న ముందుగాల వాటికే ఎరుకైతది."

"మేడం దగ్గరికి పోయినవా?"

"పోయిన. మంచిగనే మాట్లాడింది, కుర్సీ గూడ ఏసింది. నాకు గా పవరున్నదో లేదో పైకి రాసి అడిగిన, జవాబు రావాలె అన్నది. జవాబొచ్చేదాంక ఆగుమని పందులకు ఎవలు జెప్పాలె?"

ఆమె మరిది అంతయ్య కరెంటు తీగ తెచ్చి పెట్టాడట. చేను చుట్టూ పరిచి కరెంటు తగిలిస్తానంటున్నాడట. రెండేళ్ల క్రితం వాగు అవతలి ఊరిలో అటువంటి తీగ తగిలి బర్రెలు కాసే మనిషి చనిపోయాడు. ఆ శవాన్ని నేను చూశాను.

అనుమతి పత్రం రాసి ఇచ్చాను. నంబరు 17. తేదీ జనవరి 29. పదిహేను రోజులు చెల్లుతుందని రాశాను. అంటే ఈ నెల పన్నెండు వరకు గడువుంది. గుండ్రటి ముద్ర స్పష్టంగా పడింది.

ఒక మనిషి ప్రాణం కాపాడటానికి వేసిన తేదీ అది. అంతకు మించి ఆలోచించవలసినది లేదు.

11 ఫిబ్రవరి, ఆదివారం

షూటరు బాలకిషన్‌రావు గారు బెల్లంపల్లి నుండి నిన్న సాయంత్రమే వచ్చి ఐలవ్వ మంచె మీద కూర్చున్నారు. బొగ్గు బావిలో ముప్పై రెండేళ్లు పనిచేసి రిటైరైన మనిషి. దొరల కుటుంబం. అయినా నా కాగితాన్ని ఆసాంతం చదివి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకుని "మీ అసొంటోల్లు రాస్తే మాకు ఫికర్ ఉండదు వార్డెన్ సాబ్" అన్నారు. ఇటువంటి మాటను గుర్తుంచుకోవచ్చు.

తెల్లవారుతుండగా ఒకే ఒక్క గుండు. పెద్ద మగ పంది. చేను గట్టు మీదే గుంత తీయించాము. పంచనామా మీద వెంకటేశ్, నేను, మరో ఇద్దరు సంతకాలు చేశాము. నేను సాక్షిగా చేశాను. హోదా రాయలేదు. మట్టి పూర్తిగా కప్పేవరకు నిలబడ్డాను. ఐలవ్వ బాలకిషన్‌రావు గారికి చాయ పోసింది.

సాయంత్రం అంతయ్య మోదుగాకు పొట్లం ఒకటి నా భార్య నర్మదకు ఇచ్చి వెళ్లాడు. ఊరిలో దేనిని కోసినా కుప్పలు వేసేటప్పుడు సర్పంచు ఇంటికి ఒక కుప్ప తీసి పెట్టడం మొదటి నుండి ఉన్న మర్యాద. పదవి పోయినా మర్యాద మరవలేదు.

నర్మద కూర వండింది. ఏ మాంసమని నేను అడగలేదు.

12 ఫిబ్రవరి, సోమవారం

గడువు ముగిసింది. ఐలవ్వ చేనులోకి రాత్రి పందులు రాలేదట.

15 ఫిబ్రవరి, గురువారం

అటవీ శాఖ రేంజ్ ఆఫీసు జీపు వచ్చింది. ఎవరో వాట్సాప్‌లో ఫోటో పెట్టారు. మోదుగాకుల మీద వరుసగా మాంసం కుప్పలు, మధ్యలో నవ్వుతూ అంతయ్య. గట్టు మీద గుంత తవ్వి చూశారు. ఖాళీ.

నేను వెళ్లే సరికి అంతయ్య చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. "మన్నుల వెడితే ఎవలకేం లాభమని తీసిన సార్, కుళ్లకముందుకే తీసిన" అంటున్నాడు. అది తనకు అనుకూలమైన వాదన అని అతని నమ్మకం. ఐలవ్వ కొంగు ముడి విప్పి నా కాగితం బయటకు తీసింది. "కాయిదం ఉన్నది సారూ. సర్పంచ్ సాబ్ ఇచ్చిండు. ముద్ర గూడ ఉన్నది, సూడు" అని రేంజ్ ఆఫీసరుకు చూపింది. ఆయన దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టుకున్నాడు.

16 ఫిబ్రవరి, శుక్రవారం

స్పందన గారు ఆఫీసుకు పిలిపించారు. రేంజ్ ఆఫీసరు కూడా ఉన్నాడు. మర్యాదగానే మాట్లాడాడు.

"అనుమతి సక్రమంగ ఉంటే పని చిన్నదే సార్. పూడ్చిన పందిని తవ్వి తిన్నరు, దానికి అంతయ్య మీద పోతం. అనుమతే లేదనుకోండ్రి, ఇగ అది వేట. చేను ఎవలది, ముసలామెది. తుపాకి ఎవలది, రావు గారిది. ఇద్దరినీ తీస్కపోవాల్సి వస్తది. ముసలామెకు బెయిల్ ఎవలు దెస్తరు?"

మేడారం జాతర బందోబస్తు ఉన్నందున వాంగ్మూలాలు ఇరవై ఏడో తేదీకి పెట్టాడు.

అతను వెళ్లిన తరువాత స్పందన గారు అవుట్‌వర్డ్ రిజిస్టరు తెరచి నా వైపు తిప్పారు. పదహారు. ఎర్ర గీత. నా సంతకం.

"పదిహేడు ఎక్కడున్నది కైలాసం గారూ?"

పొరపాటున నమోదు కాలేదేమో అన్నాను.

"మీరా?" అన్నారు. ఆమె ఎగతాళి చేయలేదు. నిజంగానే ఆశ్చర్యపోయారు. "ఇరవై ఏడు నాడు రిజిస్టరు అడుగుతరు. నేను అందులో ఏమున్నదో అదే చెప్పగలుగుత."

17 ఫిబ్రవరి, శనివారం

వెంకటేశ్ సంచిలో కూరగాయల కింద పెట్టి రిజిస్టరు ఇంటికి తెచ్చాడు.

"మేడం జాతర డ్యూటీకి వోతుంది సార్. ఇరవై ఆరు దాంక అల్మారి తాళం నాతాననే ఉంటది. గీత మీదికెళ్లి ఒక వరుస ఖాళీ ఉన్నది సూడండ్రి. దేవుడు పెట్టించిండు."

"అది రాత్రి బడి సారు పెట్టించారు" అన్నాను.

"ఎవలైతే ఏంది. మీ రాత, మీ పెన్ను. ఒక్క వరుస. ముసలిది పండ్లూడిన మనిషి సార్, జైల్ల ఏం దింటది?"

నేను వద్దనలేదు. తీసుకుంటానని కూడా అనలేదు. అతను బల్ల మీద పెట్టి వెళ్లాడు.

18 ఫిబ్రవరి, ఆదివారం

రిజిస్టరు ఇంట్లో ఉంది.

19 ఫిబ్రవరి, సోమవారం

బాలకిషన్‌రావు గారు ఫోన్ చేశారు. గొంతు తగ్గించి మాట్లాడారు. "కైలాసం గారూ, మా బాపు కాలం నుంచి తుపాకి ఉన్నది ఇంట్ల. ఒక్క రిమార్క్ లేదు. మీ కాయిదం జూసే గద నేనొచ్చిన. అంతా బరాబరే గదా?"

"బరాబరే" అన్నాను.

ఈసారి వార్డెన్ సాబ్ అనలేదని ఫోన్ పెట్టేశాక గమనించాను. ఇటువంటి సమయంలో అది గమనించినందుకు నా మీద నాకే రోత కలిగింది.

21 ఫిబ్రవరి, బుధవారం

ఊరంతా మేడారం వెళ్లింది. ట్రాక్టర్లు, ఆటోలు, కోళ్లు, బెల్లం బుట్టలు. ఐలవ్వ కూడా వెళ్లింది. నేను వెళ్లలేదు.

న్యాయంగా ఆలోచిస్తే తప్పు నాది కాదు. పాత అధికారి దిగిపోయాడు, కొత్త అధికారికి అధికారం ఉందో లేదో ఎవరికీ తెలియదు. ఆ మధ్య కాలంలో రైతు ఎవరిని అడగాలి? ఖాళీని ఎవరో ఒకరు పూరించాలి కదా. నేను పూరించాను. తేదీ అన్నది రూపం మాత్రమే. విడి కాగితాల మీద రెండు పేజీలు ఇదే విషయం రాసి చించేశాను.

22 ఫిబ్రవరి, గురువారం

ఆ ఖాళీ వరుసను కొలిచాను. ఎనిమిది మిల్లీమీటర్లు. తేదీ, పేరు, విషయం, అన్నీ పడతాయి.

23 ఫిబ్రవరి, శుక్రవారం

పెన్సిలుతో రాసి చూశాను. "17. 29-1-24. ఐలవ్వ. అడవి పంది." చక్కగా పట్టింది. పైన ఉన్న పదహారింటితో చక్కగా కలిసిపోయింది. నా చేతిరాత ఏ రోజైనా ఒకేలా ఉంటుందని సారు మెచ్చుకునేవారు.

చెరిపేశాను. వెలుతురులో వాల్చి చూస్తే అచ్చు కనిపిస్తోంది.

నర్మద వెనుక నిలబడి ఉంది. "ఏమయ్యా, వారం అయితుంది, గా పుస్తకం ఇంట్ల వెట్టుకొని కూసున్నవ్. అండ్ల ఏమున్నది?"

చెప్పాను. అన్నీ కాదు. అంతయ్య గుంత తవ్వుతాడని నాకు తెలియదని, పూడ్చేవరకు నిలబడ్డానని, మాంసం సంగతి అసలే తెలియదని చెప్పాను.

ఆమె బియ్యం చెరుగుతున్న చాట కింద పెట్టింది. "మాంసం సంగతి నీకు దెల్వదా? రెండుసార్లు ఏస్కుంటివి. కొవ్వు బాగున్నదంటివి."

25 ఫిబ్రవరి, ఆదివారం

ఐలవ్వ మేడారం నుండి వచ్చి తిన్నగా మా ఇంటికే వచ్చింది. తల మీద పసుపు అలాగే ఉంది. నర్మద చేతిలో బెల్లం ముక్క పెట్టింది. మేడారంలో బెల్లాన్ని బంగారమనే అంటారు, మనిషి బరువుకు తూచి మొక్కు చెల్లిస్తారు. "బంగారం తిను బిడ్డా. నా ఎత్తు మొక్కిన. నేనేమన్న బరువున్ననా, సగం బుట్టకే సరిపాయె." నవ్వింది. తరువాత నా వైపు తిరిగి, "సర్పంచ్ సాబ్ కాయిదం నిలవాలె తల్లీ, ఆయన మాట నిలవాలె అని మొక్కిన. నాకోసం మొక్కలే. నీ కాయిదం నిలిస్తే నేనెట్లనన్న నిలుస్త గదా" అంది.

నర్మద నా వంతు బెల్లం ఇస్తే రిజిస్టరు పక్కన పెట్టాను.

ఆమె వెళ్లిన తరువాత ఈ డైరీలో తొమ్మిదో తేదీ తీసి చదివాను. అక్కడ రాసినదంతా నిజమే. రాయనిది ఒకటి ఉంది.

ఆ రోజు నేను పెన్ను మూత తీశాక ఐలవ్వ అడిగింది. "నీ సర్పంచ్‌గిరి అయిపాయెనంటున్నరు గదా సాబూ. ఇప్పుడు నీ సంతకం చెల్లుతదా? చెల్లకపోతే జెప్పు, నేను ఇంకో తొవ్వ జూస్కుంట." అడిగిన తరువాత నా ముఖంలోకి చూస్తూ ఆగింది.

చెల్లదు అంటే సరిపోయేది. నేను ఇప్పుడు సర్పంచును కాను అవ్వా అంటే సరిపోయేది. నా ఇంటి గడపలో నా నోటితో ఆ మాట అనలేకపోయాను. "చెల్లుతుంది. సంరక్షకుడి హోదా వేరు" అన్నాను. ఆమె చదువుకోలేదు. నేను చదివిన వాణ్ణి. నమ్మింది.

చెల్లదని నాకు తెలుసు. తెలియకపోతే జనవరి తేదీ ఎందుకు వేస్తాను?

తీగ సంగతి, ప్రాణం సంగతి నిజమే. కానీ తీగను ఆపడానికి ఆ రోజు వేరే దారులు ఉన్నాయి. అంతయ్య దగ్గరకు వెళ్లి ఆ తీగను చుట్టి తెచ్చుకోవచ్చు. కరెంటు ఆఫీసుకు చెప్పవచ్చు. నేను అవేవీ ఆలోచించలేదు. కాగితం అడిగారన్న సంతోషంలో ఉన్నాను.

26 ఫిబ్రవరి, సోమవారం

వెంకటేశ్ రిజిస్టరు కోసం వచ్చాడు. గీత పైన ఖాళీ చూసి కూర్చుండిపోయాడు.

"రాయలేదా?"

"రాయలేదు."

"మరి ముసలామె?"

"ఆమె నన్ను అడిగింది. నేను అబద్ధం చెప్పాను. ఆ మాట రేపు నేనే చెబుతాను."

"చెప్తే మీరు వోతరు సార్. రేపు ఎలక్షన్లు వస్తే మళ్ల నిలవడుడు కష్టం. కేసున్నోన్ని ఎవలు గెలిపిస్తరు?"

ఈ మాట నేను ఎనిమిది రోజులుగా నాకు చెప్పుకుంటున్నదే. ఇంకొకరి నోటి నుండి విన్నప్పుడు చిన్నదిగా అనిపించింది. అంత చిన్నదేమీ కాదు. రాత్రి బడి నుండి ఆ కుర్చీ వరకు నాకు పట్టిన కాలం నాకే తెలుసు.

27 ఫిబ్రవరి, మంగళవారం

రేంజ్ ఆఫీసులో మూడు గంటలు. వాంగ్మూలం నేనే రాసి ఇస్తానన్నాను. ఒప్పుకున్నారు. అక్షరం తప్పు లేకుండా రాశాను.

ఫిబ్రవరి తొమ్మిదిన నేను సర్పంచును కానని, ఆ సంగతి నాకు తెలుసునని, తెలిసే పాత తేదీ వేశానని, దరఖాస్తుదారు అడిగినప్పుడు చెల్లుతుందని చెప్పి నమ్మించానని, షూటరు కూడా నా పత్రాన్నే నమ్మి వచ్చాడని రాశాను. రిజిస్టరులో పెన్సిలు అచ్చు గురించి కూడా రాశాను. స్పందన గారు ఆ పేజీని కిటికీ వైపు వాల్చి చూసి మూశారు. గుండ్రటి ముద్ర ఆమెకే ఇచ్చి రసీదు తీసుకున్నాను. ఇరవై నాలుగో వస్తువు.

రేంజ్ ఆఫీసరు రెండుసార్లు చదివాడు. "ముసలామెను తప్పించడానికి మీదేస్కుంటున్నరని మా పై ఆఫీసర్లు అంటరు. ఆమెకు దెల్వదనడానికి రుజువేమున్నది? మాటకు సాక్షి ఎవలు?"

సాక్షి ఎవరూ లేరు. ఆ సమయంలో నర్మద నీళ్లకు వెళ్లింది.

"నేను డైరీ రాస్తాను" అన్నాను. "అందులో ఉంది. ఇరవై ఐదో తేదీన."

"ఇరవై ఐదు అంటే ఈ గొడవ లేచినంక రాసిందే గదా. ఒక్క పేజీ జూస్తే ఎవలు నమ్ముతరు? మొత్తం తెండ్రి. మొదటి నుంచి."

మొదటి నుండి అంటే పదకొండో తేదీ కూర కూడా. కొలిచిన ఎనిమిది మిల్లీమీటర్లు కూడా. వార్డెన్ సాబ్ అనలేదని గమనించిన రోజు కూడా. రేపు తెస్తానన్నాను.

బాలకిషన్‌రావు గారు వరండాలో ఎదురయ్యారు. లేచి నిలబడలేదు. నేను నమస్కారం పెట్టాను. కాస్త ఆగి ఆయనా పెట్టారు.

28 ఫిబ్రవరి, బుధవారం

ఉదయం. పదకొండు గంటల బస్సుకు వెళ్లాలి. దీని నుండి ఒక్క పేజీ కూడా చించలేదు. తేదీలు ఎవరైనా సరిచూసుకోవచ్చు. జనవరి 29న ఈ అనుమతి గురించి ఏమీ రాయలేదని కూడా చూస్తారు.

ఇంతవరకు రాశాక ఐలవ్వ వచ్చింది. విషయం నిన్ననే వెంకటేశ్ చెప్పాడట. ఎప్పటిలా గడప దగ్గర ఆగలేదు. లోపలికి వచ్చి, నా ఎదురుగా నేల మీద కూర్చుంది.

"రాత్రి మళ్ల వడ్డయి. ఈసారి పిల్లలనేస్కొని వచ్చినయి."

నేను డైరీ మూసి పక్కన పెట్టాను.

"కాయిదం తియ్యి. మేడంకు దరఖాస్తు రాయాలె. జవాబు రాలేదంటుంది. వచ్చేదాంక రోజుకో కాయిదం ఇస్త. ఎన్నని పక్కకు వెడుతది?"

"అంతయ్య తీగ?"

"నిన్ననే గుంజుకొచ్చి మా దూలానికి కట్టిన. బట్టలు ఆరేస్తున్న."

రాశాను. చేను హద్దులు, నష్టపోయిన విస్తీర్ణం, తేదీలు. ఉన్న తేదీలు. ఆమె వేలిముద్ర వేసింది. పక్కన "వ్రాసినవారు" అని రాసి నా పేరు పెట్టాను. పేరు కింద ఏమీ రాయలేదు. చేయి మాత్రం అలవాటుగా బల్ల సొరుగు దాకా వెళ్లి వచ్చింది.

ఐలవ్వకు చదువు రాదు. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "గుండ్రంది కొట్టలే?"

"నా దగ్గర లేదు అవ్వా. నేను ఇప్పుడు సర్పంచును కాను."

"ముద్ర లేకుంటే మేడం తీస్కుంటదా?"

"తీసుకుంటుంది. ఇది అడిగే కాగితం. దీనికి ముద్ర అక్కరలేదు."

ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి కొంగున ముడి వేసుకుంది. గోడ పట్టుకుని లేచి, గడప దాటి, చెప్పులు వేసుకుంటూ వెనక్కు చూడకుండా అంది.

"గా ఒక్క మాట గా రోజే జెప్పకపోతివి కైలాసం."

బస్సుకు ఇంకా నలభై నిమిషాలు ఉంది.